చీపురుతో తిప్పే పులుసు

హలో… ఆ, నేనే. ఉజున్వా వాళ్ళమ్మని, కైరో నుంచి.

…

బాగానే ఉన్నాం వదినగారూ. ఇబదాన్‌లో అందరూ కులాసానా? … పిల్లాడు బంగారం. ముక్కు మాత్రం మీ అబ్బాయి కొలాపోదే, ఏం చేస్తాం.

…

లేదు… బాలింతే తినడం లేదు. కాన్పయి నాలుగు రోజులు. టీ, రొట్టెముక్క, అంతే. పాలు పడటం లేదు.

…

ఏం వండి పెట్టను? పులుసులో రుబ్బి పోసే ఎగుసి పుచ్చగింజలు, ఎండుచేప, మా ఆకులు— అన్నీ మూట కట్టి తెచ్చానా, విమానాశ్రయంలో లాగేసుకున్నారు. చేతికి తొడుగులేసుకుని మరీ, చచ్చిన ఎలకను తీసినట్టు తీశారు!

…

కొనకేం, నిన్న కొన్నా. గింజలు అచ్చం మన ఎగుసే. రుబ్బి పోశాక తెలిసింది— వేయించి ఉప్పు పట్టించినవి. వీళ్ళు కబుర్లాడుకుంటూ ఒలుచుకు తినేవి!

…

నవ్వకండి. చేప సంగతి విన్నాక నవ్వుదురుగాని. మాట రాదు కదా, ముక్కు మూసుకుని చూపించా, వాసనొచ్చే చేప కావాలని. కొట్టువాడు తెగ సంబరపడి డబ్బాలోంచి తీసిచ్చాడు. ఎండుచేప కాదు తల్లీ, ఉప్పులో ఊరేసి మురగబెట్టింది! పులుసులో పడగానే విడిపోయింది. యాక్… ఇప్పటికీ నా జుట్టంతా అదే కంపు. ఉజున్వా మూత తీసి… పరుగెత్తి కక్కుకుంది. నా చేతి పులుసు, వదినా! నా కూతురు!

…

పారబోశా. గిన్నెతో సహా.

…

దానికి కాదు ఫోన్ చేసింది… అంటే, దానికే. ఇక్కడ సందు చివర బండ్లనిండా ఒకటే ఆకు. మీరు జిగురు పులుసు చేసే ఆకు. ఎవేడూ. … అదే, నాకు తెలియదా! వీళ్ళు దాని పులుసు గ్లాసుతో తాగుతారు కూడా, ఛీ. చిటికెడు కారం ఉండదు.

…

నాక్కాదు, దానికి. పొద్దున కళ్ళు మూసుకునే అడిగింది, 'అత్తయ్య చేసే ఎవేడూ కావాలమ్మా' అని.

…

వినపడింది కదా. మళ్ళీ చెప్పించకండి.

…

గుర్తుంది. 'మా ఇంట్లో చీపురు నేల ఊడ్చడానికే, పులుసు తిప్పడానికి కాదు' అన్నా. పెళ్ళిలో, అందరి ముందూ. మీరు చిన్న చీపురుతో తిప్పి వడ్డించిన ఎవేడూ కంచం కూడా తోసేశా. … ఇప్పుడూ అసహ్యమే, దాచను. కానీ నా పిల్ల పస్తులుంటోంది.

…

తప్పయిపోయింది వదినా.

…

అన్నాను కదా! చాలా?

…

ఆ, చెప్పండి. నీళ్ళు మరుగుతున్నాయి… వంటసోడా చిటికెడు… వేశా. ఆకు కూడా… పడింది. … చీపురా? కట్టి ఉంచా. ఖర్జూరపాకు ఈనెలు, జానెడువి. … కొత్తవే! పాతది పెడతానా, ఏమనుకున్నారు నన్ను?

…

ఫోన్ గట్టు మీద పెట్టా. వినిపిస్తోందా చప్పుడు? … ఇంకా గట్టిగానా? మోచెయ్యి ఊడొచ్చేలా ఉంది… ఛీ ఛీ, తీగలా సాగుతోంది. జలుబు చేసిన పిల్లాడి ముక్కులా… ఇలాగే ఉండాలా?

…

సరే. ఉండండి, దానికిచ్చి వస్తా.

…

…

వదినా… ఉన్నారా?

…

తింటోంది. గిన్నె ఒళ్ళో పెట్టుకుని… తింటోంది.

…

నేనా? వేలికొసతో చూశా. యాక్. … ఉప్పు సరిపోయింది.

…

ఏమ్మా? … ఇంకానా? … వదినా, గిన్నె ఖాళీ చేసేసింది. ఇంకా కావాలట. నా చీపురేదీ… ఇక్కడే పెట్టానే… ఆ, దొరికింది. ఉంటా.