చౌడమ్మ నీళ్ల చప్పుడు

చౌడమ్మ అని ఒక ముసలమ్మ ఉందనుకో, నేతపని చేసేవాళ్ల ముసలమ్మ. మాటంటే పడే మనిషి కాదు. ఒకనాడు ఏమైందంటే, స్నానాలగదిలో కాలు జారి నడుం మీద పడిందంట. మూడు నెలలు మంచంలోనే. లేచాక ఆ గది గడప తొక్కాలంటే భయం. కోడలు చెంచులక్ష్మి, నేను పోస్తాలే అత్తా అంటే, నా కొడుక్కి నేను పోశా, నీ బిడ్డలకి పురిట్లో నేను పోశా, నాకు ఇంకొకళ్లు పోసేదేంది, నా చేతులేం పడిపోలేదు అన్నదంట. అదీ ఆమె పంతం. ఏమే, నవ్వుతున్నావ్, నీకూ వస్తదిలే ఆ వయసు.

సరే, కోడలు దానియేలు మేస్త్రిని పిలిపించింది. అత్త పట్టుకుని కూర్చోడానికి, లేవడానికి గోడకి ఒక స్టీలు కడ్డీ బిగించమంది. ఆ గోడ ఉందే, దానికి ఇవతల స్నానం, అవతల మగ్గం. రెంటికీ ఒకటే గోడ. మేస్త్రి టైల్సుకి బెజ్జాలేశాడు, బెజ్జాల్లో చెక్కముక్కలు దిగ్గొట్టాడు, చెక్కల్లోకి స్క్రూలు బిగించాడు, పోయాడు. ఇక చౌడమ్మ సంతోషం చూడాలి. కడ్డీ పట్టుకుని కూర్చునేది, కడ్డీ పట్టుకుని లేచేది, నెత్తిన చెంబుల మీద చెంబులు పోసుకునేదంట. మిగతావాళ్ల స్నానాలన్నీ పెరట్లో పంపు దగ్గరే, ఆ గది ఆమె ఒక్కదానిదే. బయటికొచ్చి తల తుడుచుకుంటా, చూశావా పిల్లా, ఎవరితోనూ పనిలేదు నాకు అనేది.

నెల తిరిగింది. చౌడమ్మ మగ్గం గదిలో గోడ పక్కన కూర్చుని పట్టునూలు కండెలకి చుడతా ఉంటే, గోడ మీద చెమ్మ కనపడింది. అరచెయ్యంత. నాలుగు రోజులకి పళ్లెమంత. చెక్కముక్క నీళ్లు తాగి ఉబ్బింది, దాని పక్క టైలు చిట్లింది, ఆ సందున నీళ్లు గోడలోకి దిగినయ్. ఇంకో మూరెడు పాకితే మగ్గం మీద చీరకి తగిలిద్ది. పట్టుచీర, జరీచీర, కొడుకు నలభై రోజుల చాకిరీ. చెమ్మకి జరీ నల్లబడిద్దిగా. చెబితే ఏమయిద్ది? కడ్డీ పీకేస్తారు. పీకితే మళ్లీ ఒకళ్లచేత పోయించుకోవాలి. చెప్పకపోతే చీర పోయిద్ది. ఏం చేసిందో చెప్పండి చూద్దాం. మీరేం చెబుతారులే. చెమ్మ కనపడకుండా అక్కడ పాత చీరొకటి వేలాడేసి, స్నానం మానేసింది. అవునమ్మా, మానేసింది. పొద్దున్నే గదిలోకి పోయేది, తలుపేసుకునేది, తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకునేది. కోడలికి అనుమానం రాకుండా చెంబుతో నీళ్లు ముంచి నేల మీద పోసేది. ఒక చెంబు, ఇంకో చెంబు, గోడకి చుక్క తగలకుండా. ఆనక నెత్తిన కొంగు కప్పుకుని బయటికొచ్చేది.

ఏమైందంటే, కొత్త సబ్బు పెట్టి పదిరోజులైనా దాని మీద అక్షరాలు అరగలేదంట. ఇదేందబ్బా అనుకుని చెంచులక్ష్మి తలుపు దగ్గర నిలబడి విన్నది. ఒంటి మీద పడ్డ నీళ్లు జారతా, ఆగతా కిందికొస్తయ్. బండ మీద పోసిన నీళ్లు ఒక్కసారే చప్పుడు చేసి ఊరుకుంటయ్. ఇద్దరు బిడ్డలకి పోసిన తల్లికి ఆ తేడా తెలవదా. అత్త బయటికి రాగానే, స్నానం చేశావా అత్తా అంది. చేశా. మరి నెత్తి మీద కొంగు తడవలేదే? చౌడమ్మ కొంగు ఇంకాస్త ముందుకి లాక్కుని, నీకెందుకే అని, అంతలోనే గడప మీద కూలబడి ఏడ్చిందంట. గోడ సంగతంతా చెప్పి, కడ్డీ మాత్రం పీకించబాకే, నీళ్లు పోసుకోనులే, ఊరికే పట్టుకుని కూర్చుంటా అంది. అంత పంతం మనిషి, ఆ మాటంది. చెంచులక్ష్మి పక్కన కూర్చుని అత్త కళ్లు తుడిచి, నీ కడ్డీ ఉంటది, నీ స్నానం ఉంటది, చీరా ఉంటది, ఆ మేస్త్రి సంగతి నాకొదిలెయ్ అంది.

మేస్త్రి వచ్చి చూసి, తడి తగిలే గోడలో చెక్క కొట్టడం నా బుద్ధితక్కువ మామ్మా అన్నాడు. చెక్కలు పీకాడు, బెజ్జాల్లో దుమ్ము దులిపాడు, గోడని వారం రోజులు ఆరనిచ్చాడు. ఆ వారమూ పెరట్లో చీర అడ్డం కట్టి కోడలే పోసింది, అత్త నోరెత్తకుండా పోయించుకుంది. తర్వాత మేస్త్రి చిట్లిన టైలు మార్చి, బెజ్జం నిండా నీళ్లు దూరనియ్యని సిలికాను గమ్ము నింపి, చెక్కకి బదులు ప్లాస్టిక్ గొట్టం దిగ్గొట్టి, స్క్రూకీ గమ్ము పూసి బిగించాడు. కడ్డీ మొదలు చుట్టూ గమ్ము రాసి, అడుగున మాత్రం కాస్త సందు వదిలాడు. అదెందుకంట అంది చౌడమ్మ. ఎప్పుడన్నా చుక్క లోపలికి పోతే ఇటే బయటికి రావాలి మామ్మా, లోపలే దాక్కుంటే గోడని తినేసిద్ది అన్నాడు. విన్నావా అత్తా, అంది కోడలు. చౌడమ్మ కొంగుతో కడ్డీ తుడవడం మొదలెట్టింది.

గమ్ము ఆరిన మర్నాడు చౌడమ్మ లోపలికి పోయింది. కోడలు అవతల మగ్గం పక్కన కూర్చుని గోడకి అరచెయ్యి ఆనించింది. చెంబు మీద చెంబు. నీళ్లు జారతా, ఆగతా పడుతున్నయ్. పొడిగా ఉందా పిల్లా, అని ఇటునుంచి కేక. పొడిగానే ఉందత్తా, ఇంకో నాలుగు పోసుకో, అని అటునుంచి. బిందె ఖాళీ అయినా చౌడమ్మ బయటికి రాలేదంట, ఇంకో బిందె తెమ్మంది.

అంతేనమ్మా. నేనూ పోయి ఆ గోడ తాకి చూశా. నమ్మకపోతే మీరూ పోయి చూడండి. చేతులు తుడుచుకుని మరీ పొండి, మగ్గం మీద చీరకి మరకైతే చౌడమ్మ ఊరుకోదు.