ఉతకని సీర

"నాయనమ్మా, ఇప్పుడంటే పాకెట్లు వాకిట్ల పడేసి పోతున్నరు. అప్పట్ల సూర్యాపేటల మీరు ఇండ్లకు పాలెట్ల పోసేటోళ్లు?"

పోసుడేంది బిడ్డా, బర్రెనే తోలుకపోయేది. వాళ్ల ముంగట, వాళ్ల సెంబులనే పిండాలె. ఇంటికాడ పిండి తీస్కపోతే నీళ్లు కలిపిండ్రంటరు గద. పోలీసు యాక్షనైన మరుసటేడు... కాదు కాదు, అదే ఏడు సలికాలం. నేను కోదాడ నుంచి కాపురానికొచ్చి నాలుగు నెల్లు. సేరు ఎంతకు పోసినమో యాదికి లేదు, అప్పుడింకా పాత సర్కారు హాలీ సిక్కాలు నడుస్తుండె.

మా అత్త నన్ను బర్రె దగ్గరికి రానియ్యకపోయేది. కోదాడ పిల్లవు, పేడ వాసనకే ముక్కు మూస్కుంటవ్ అనేది. నిజమే, మా అమ్మగారింట్ల బట్ట జర మాసినా ఉతుకుడే. ఆ బర్రెకేమో దుడ్డె సచ్చిపోయింది. దుడ్డె లేంది బర్రె సేపదు, అంటే పొదుగులకు పాలు దించదు. మా అత్త సెయ్యి పడితెనే దించేది.

ఆ పాలు ఒక వకీలింటికి. ఆయన కోడలు కాన్పుల పోయింది, పసిగుడ్డును ఇడిసి. పిల్లకప్పుడు మూడు నెల్లు. పసిపిల్లకు ఒక్క బర్రె పాలే పట్టాలె, మార్సొద్దు అనేటోళ్లు. ఆ పిల్ల మారిస్తే కక్కేది గూడ. వకీలు తల్లి పొద్దుగాలనే సెంబు కడిగి వాకిట్ల నిలబడేది.

ఇగ మా అత్తకు జరమొచ్చింది. లేస్తే పడుతున్నది. రేపు నా సీర కట్టుకొని పో, బర్రె నేననుకుంటది అన్నది మంచంల నుంచే. దండెం మీది సీర తీస్తినా, ఒకటే పేడ కంపు. వకీలింటికి గిట్ల పోతే ఏమనుకుంటరో అని సౌడు మన్ను పెట్టి మంచిగ ఉతికి ఆరేసిన. తెల్లారి అదే కట్టుకొని పోయిన. బర్రె నా కొంగు వాసన సూసింది, పక్కకు జరిగింది. ఎంతసేపు పొదుగు నిమిరినా బొట్టు రాలె. లోపల పిల్ల ఏడుపు. పక్కింటి పాలు తెచ్చి పట్టిండ్రు, కక్కింది. వకీలు తల్లి ఖాళీ సెంబు పట్టుకొని నా దిక్కే సూస్తున్నది.

బర్రెను ఆడనే కట్టేసి ఇంటికి ఉరికిన. అత్త నా కొంగు పట్టి ముక్కుకాడ పెట్టుకున్నది.

"ఉతికినవా?"

ఆఁ అన్న.

"సీరను గాదే, నన్ను ఉతికేసినవ్."

ఒంటి మీది సీర, జరం సెమటతోని తడిసిందే, ఇప్పి నాకిచ్చి గొంగడి కప్పుకున్నది. కట్టుకొని మళ్ల ఉరికిన. ఈసారి బర్రె వాసన సూసి సెవులు వాలేసింది. పాలు ధారకొచ్చినయ్. పిల్ల తాగి పండుకున్నంకనే వకీలు తల్లి నోరు తెరిసి, మీ అత్తకెట్లుందని అడిగింది.

నెల రోజులు ఆ సీర కట్టుకొని నేనే పిండిన, ఉతకలె. పాలకీడు నుంచి మా ఆడిబిడ్డ వచ్చి, మా వదినె నీళ్లు పోసుకుంటదా లేదా అని నవ్వింది.

అత్త లేసింది. ఇగ నేనే పిండుత అని, మంచి సీర కట్టుకొని బయలెల్లింది. తోలనీకి నేను ఆ సీరతోనే ఎనక పోయిన. వకీలింటికాడ కూసున్నది, పొదుగు మీద సెయ్యేసింది. బర్రె మెడ తిప్పి నన్ను సూసింది. పాలు దించలె. వకీలు తల్లి సెంబు పట్టుకొని నిలబడ్డది. లోపల పిల్ల మొదలువెట్టింది.

నువ్వే పిండు అననీకి మా అత్తకు నోరు రాలె. లేసి నన్ను గోడెనకకు తీస్కపోయింది.

"పిల్లా, నీ సీర గిటియ్యి."

అది ఆమె సీరనే, సూడు. నీ సీర అన్నది. ఆడనే మార్సుకున్నం. పోయి కూసుంటే, బర్రె దించింది.

ఆనాటి సంది మా అత్త పేడ వాసన ముచ్చట మళ్ల ఎత్తలె. ఆ సీర పేలికలయ్యేదాంక ఇద్దరం వంతులేసుకొని కట్టి... ఏమంటున్న? ఆఁ, ఆ సాయ సల్లారిపాయె, తాగు. నీ ఇంట్ల పాలకు ఏనాడు కరువు రావొద్దు బిడ్డా. పాకెట్టు పాలైనా సరే.