తలుపేస్తే ఊరుకోని పిల్లి

పశువుల ఆసుపత్రి ముందుగది, మధ్యాహ్నం. బల్లకు ఇవతల పిల్లిబుట్టతో వడ్రంగి మేస్త్రి, అవతల మందులిచ్చే కాంపౌండరమ్మ.

“మెల్లగా పెట్టండి మేస్త్రి గారూ, లోపల ప్రాణముంది.”

“ప్రాణం మా పాపకీ ఉంది. మోచేతి నుంచి మణికట్టు దాకా గీరి పారేసింది. బయట వాళ్ళమ్మ ఒళ్ళో ఏడుస్తోంది. పిలవమంటారా, చూస్తారా?”

“అయ్యో! లోపలికి తీసుకురండి, శుభ్రం చేసి మందు...”

“మీ మందు మాకొద్దు. మనుషుల డాక్టరు దగ్గర సూది వేయించుకునే వస్తున్నాం. మీ పిల్లిని మీరు తీసుకోండి, అంతే.”

“పాప తోకేమైనా లాగి...”

“ఏమీ లాగలేదు! స్నానాల గదిలోకి ఇది వెంట వెళ్తే పాప తలుపేసుకుంది. తలుపు పడిందో లేదో, ఇది మీద పడింది. నోట్లో వేలు పెట్టినా కొరకదన్నారే! అన్నారా లేదా?”

“అన్నాను.”

“రోడ్డు మీద దొరికింది, నెమ్మదైన పిల్లి అన్నారు. అన్నారా లేదా?”

“అన్నానండీ. కొత్తలో ఏ పిల్లయినా...”

“కొత్తేంటమ్మా? నెల దాటింది. తలుపు తెరిచుంటే ఇంట్లో ఉందో లేదో కూడా తెలీదు. మూశామా, ఇక అరుపు, గీకుడు, అరుపు, గీకుడు. నా చేత్తో చేసుకున్న తలుపు. అడుగున జానెడు చెక్క పీకేసింది.”

“కిటికీ ఒకటి తెరిచి ఉంచితే కాస్త...”

“నాకు ఉపాయాలు చెప్పకండి. దీని సంగతి చెప్పండి. దీన్ని ఎవరో పెంచారు కదూ?”

“ఎవరన్నారు?”

“మీ డాక్టరే. పోయిన వారం టీకాకి తెస్తే, పొట్ట కింద కుట్ల మచ్చ చూసి, దీనికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసింది నేనే కదా, రెండేళ్ళయినట్టుంది అన్నాడు. పోనీలే అని ఊరుకున్నా. రోడ్డు మీది పిల్లికి ఆపరేషన్ ఎవరు చేయించారమ్మా? వీధి కుక్కలు చందాలేసుకుని చేయించాయా?”

“ఆయన రోజూ ఎన్నో చూస్తారు. పొరబడి ఉంటారు.”

“నీళ్ళు నమలకండి! మసిపూసి మారేడుకాయ చేసి నాకంటగట్టారు.”

“చెబితే తీసుకునేవారా?”

“అదీ! అంటే చెప్పాల్సింది ఉందన్నమాట. చెప్పండి మరి.”

“ఒకావిడ పెంచుకుంది. ఆవిడ పోయింది.”

“పోయిందంటే? ఇల్లు మారిందా?”

“చచ్చిపోయింది. ఒంటరి మనిషి, ఒక్క గది ఇల్లు. లోపల గడియ వేసుకుని పడుకుంది, మళ్ళీ లేవలేదు. గుండె ఆగిపోయిందన్నారు. తొమ్మిది రోజులు ఎవరూ తలుపు తట్టలేదు.”

“తొమ్మిది రోజులా? ఇది ఎక్కడుంది మరి?”

“లోపలే. ఆవిడతోటే. బకెట్లో నీళ్ళు, సంచీలో దీని తిండి కాస్త మిగిలి ఉండబట్టి బతికింది. తలుపు పగలగొట్టేసరికి దీని ముందు కాళ్ళకి గోళ్ళు సగం లేవు. తలుపులో ఇరుక్కుని ఉన్నాయి.”

“ఛీ, మనుషులేనా! పక్కింటివాళ్ళకి చెవులు లేవా?”

“విన్నారట. పిల్లులు కొట్టుకుంటున్నాయనుకున్నారట.”

“ఆవిడకి నా అన్నవాళ్ళే లేరా?”

“ఒక చెల్లెలుంది.”

“ఏ దేశంలో?”

“రెండు వీధులవతల.”

“రెండు వీధులు! తోడబుట్టిన మనిషి ఏమైందో తొమ్మిది రోజులు...”

“మాటల్లేవు వాళ్ళకి.”

“ఎందుకు లేవు? ఆస్తి గొడవలా?”

“కాదు. ఎవరిదో పెళ్ళిలో అక్క పలకరించకుండా పక్కనుంచి వెళ్ళిపోయింది. ఆవిడే ముందు మాట్లాడాలని ఈవిడ, ఈవిడే మాట్లాడాలని ఆవిడ. అలా నాలుగేళ్ళు.”

“దానికి! దానికి నాలుగేళ్ళా? అది చెల్లెలా, బండరాయా? అన్నం తింటోందా, గడ్డి తింటోందా?”

“అనండి.”

“అనక! ఏనాడూ ఆ వీధిలో అడుగు పెట్టదా ఆ మహాతల్లి?”

“రోజూ ఆ ఇంటి ముందు నుంచే పనికెళ్తుంది. పిల్లి ఏడుపు కూడా వింది. మూడు రోజులు వరసగా వింది. ఆకలికి పిల్లి ఎలా అరుస్తుందో, భయానికి ఎలా అరుస్తుందో ఆవిడకి తెలిసినట్టు ఈ చుట్టుపక్కల ఎవరికీ తెలీదు. అయినా తలెత్తకుండా వెళ్ళిపోయింది. అక్క పిల్లి, అక్కే చూసుకుంటుంది, నాకేం పట్టింది అనుకుంది.”

“ఇల్లెక్కడో చెప్పండి. మా పాప చెయ్యి చీరింది పిల్లి కాదు, ఆవిడ. పదిమందిలో నిలబెట్టి గడ్డి పెట్టి వస్తాను.”

“ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు మేస్త్రి గారూ. ఆ గడ్డేదో ఇక్కడే పెట్టండి.”

“ఇక్కడేంటి?”

“ఆ చెల్లెల్ని నేనే.”

“మీరా!”

“రెండు నెలలయింది. అందరూ అయ్యో పాపం అన్నారు, నా భుజం తట్టి వెళ్ళారు. నోరారా తిట్టింది మీరొక్కరే. ఆపకండి.”

“ఆపుతాననుకున్నారా? మీ పాపం తీసుకొచ్చి నా కూతురి చేతి మీద రాశారు. ఒక్క ముక్క, తలుపులంటే దీనికి భయం అని ఒక్క ముక్క చెప్పుంటే పాప తలుపేసేదా? చెబితే వినే పిల్ల!”

“నిజమే.”

“నిజమే అంటే సరిపోతుందా?”

“సరిపోదు. బుట్ట ఇక్కడ వదిలేసి వెళ్ళండి. ఇంకెవరికీ అబద్ధం చెప్పను.”

“వదలను! వదిలితే మీరు బోనులో పెట్టి మళ్ళీ గడియ వేస్తారు. ముందు బుట్ట మీంచి చెయ్యి తియ్యండి. తియ్యండమ్మా! నేను చేసిన తలుపులే, నేనే కోస్తా. ఇవాళ ఇంట్లో ప్రతి తలుపుకీ అడుగున పిల్లి దూరేంత కన్నం పెడతా. నా కోపం తగ్గిందనుకోకండి, తగ్గలేదు. కానీ ఒక్కదానికి జవాబు చెప్పండి. అంత చేసినవాళ్ళు, అక్క పిల్లిని మీరే పెంచుకోవద్దూ? నా నెత్తిన ఎందుకు పెట్టారు?”

“పెంచుకున్నానండీ, వారం రోజులు. మా అక్కదీ నాదీ ఒకటే గొంతు. పిలిచినప్పుడల్లా ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చేది. వచ్చి, నా మొహం చూసి, నన్ను దాటుకుని వెళ్ళి గుమ్మంలో కూర్చునేది, అక్క కోసం.”