కుర్చీ దిగని టీచరమ్మ

ఇల్లు రిజిస్ట్రేషన్ అయిపోయింది కానీ తాళాలు మాత్రం చేతికి రాలేదు. కొన్న పార్లరమ్మ మొగుణ్ణి వెంటబెట్టుకుని వచ్చి గుమ్మం ముందు నిలబడింది. అమ్మిన టీచరమ్మ లోపల, గ్రిల్ తలుపుకు తాళం వేసుకుని కుర్చీలో కూర్చుంది.

"...అదంతా నాకనవసరం టీచర్‌గారూ! ఇవాళ మీరు తాళం తీసేదాకా కదిలేది లేదు."

"నిలబడమ్మా. కాళ్లు నీవి."

"గుమ్మమూ నాదే! నవ్వుతూ సంతకం పెట్టింది మీరే కదా?"

"పెట్టాను. కాదన్నానా?"

"మరి ఖాళీ చెయ్యరేం?"

"చేస్తాను."

"ఎప్పుడు?"

"చేసినప్పుడు."

"విన్నారా అండీ? చేసినప్పుడట! మీరేంటి, బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డారు? అడగండి!"

"అడిగాను కదే... ఆవిడకేం ఇబ్బందో ఏమో. వచ్చే నెల చూద్దాం."

"వచ్చే నెలా! పార్లర్ బోర్డు రాయించేశాను. కుర్చీలు, అద్దాలు వచ్చి మెట్ల కింద మూలుగుతున్నాయి. అద్దింటి ఓనరు ఖాళీ చెయ్యమని రోజూ తలుపు బాదుతున్నాడు. మీ అక్కకి హాస్టల్లో మంచం కూడా మాట్లాడేశాను. ఈవిడగారు మాత్రం కుర్చీ దిగరు!"

"ఏ గదిలో పెడతావమ్మా పార్లరు?"

"వెనక గదిలో. మీకెందుకు?"

"మంచి గది. గాలీ వెలుతురూ వస్తాయి. ఓ మంచం పడుతుంది, కుట్టుమిషను పడుతుంది."

"నాకు కుట్టుమిషను లేదు."

"నీకు లేదులే."

"వెటకారాలొద్దు! చెల్లెలింటికి పోతాననే కదా అమ్మారు? ఆవిడ రావద్దందా?"

"ఎప్పుడొస్తావే అని రోజూ ఫోన్లో ప్రాణం తీస్తోంది."

"మరింకేం? సామాను సర్దడానికి మనుషుల్ని పంపనా? ...అదేంటి, సర్దేసే ఉందే! ఏవండీ, చూడండి, అన్నీ అట్టపెట్టెల్లో పెట్టి అతికించేశారు!"

"చూశాన్లే. పద పోదాం."

"ఎక్కడికి పోయేది? ఉండండి. ఆ పచ్చ టేపు..."

"ఏ టేపు? ఎండ మండిపోతోంది, పదవే."

"పెట్టెల మీద టేపండీ. మీ కొరియర్ ఆఫీసుది కదూ?"

"ఏమో... బజార్లో కొనుంటారు."

"మీ ఆఫీసు పేరు అచ్చేసిన టేపు బజార్లో అమ్ముతారా?"

"బాబూ, నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా? నీకు మాటిచ్చిన పాపానికి ఈ పిల్ల చేత నానా మాటలూ పడ్డాను. ఇక నా వల్ల కాదు."

"నేనే చెబుతా టీచర్‌గారూ."

"ఏంటి చెప్పేది? మీకు మాటివ్వడమేంటి?"

"ఆవిడ సామాను సర్దిపెట్టింది నేనే. పోయిన వారం తాళాలు నా చేతిలో పెట్టేశారు కూడా."

"మరి నాకివ్వలేదేం? ఏం చేశారు?"

"ఇంకొన్నాళ్లు ఉండండని కాళ్లావేళ్లా పడి, తిరిగి ఆవిడకే ఇచ్చేశాను. మనం ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజే మా అక్క హాస్టల్‌కి పోవాలన్నావు. మిషను కుట్టి నన్ను పెంచిన మనిషి అది... నీకు ఎదురు చెప్పలేక, ఈవిణ్ణి అడ్డం కూర్చోబెట్టాను."