తర్వాతెవరండీ?

ఆగాగు, ముందా చెయ్యి దించు. ఏమన్నాడిప్పుడు నీ కొడుకు? నా మొహం నలిగిన కాగితప్పొట్లంలా ఉందన్నాడు, అంతేగా. ఉందిలే. అద్దం నాకూ ఉంది. బంతి గోడకేసి కొట్టకురా అన్నాను, వాడో మాటన్నాడు, నువ్వేమో పూనకం వచ్చినదానిలా చెయ్యెత్తుకుని బయల్దేరావు. కూర్చో. వాడెక్కడికీ పోడు, ఆ మంచం కిందే ఉంటాడు. వాళ్ళ నాన్నా అంతే, ఆ వయసులో అలిగితే మంచం కిందే కాపురం. ఆఁ, మీ ఆయనే. ఎందుకలా నవ్వుతావు? ఇప్పుడు నోట్లో నాలుక లేనట్టు తిరుగుతున్నాడని పుట్టుకతోనే ఇంతనుకున్నావా? ఆరేళ్ళప్పుడు చూడాల్సింది. నోరు కాదమ్మా అది, పగిలిన గొట్టం. పొద్దున లేస్తూనే ఇంటి మీద దావా వేసేవాడు. పాలు వేడి. ఊది ఇస్తే చల్లన. చొక్కా గుచ్చుకుంటోంది. ఎండ కిటికీలోంచి తననే చూస్తోంది. ఇక మనుషుల జోలికొచ్చాడంటే, పక్కింటావిడ నవ్వితే గాడిద గుర్తొస్తోందనేవాడు, ఆవిడ ఎదురుగానే. నిజానికి గాడిదే గుర్తొచ్చేది, అది వేరే సంగతి.

మీ అత్తగారిని నువ్వు ఫొటోలోనే కదా చూశావు. ఎంత చల్లని మొహమో అంటావు. చల్లదనమా పాడా, మొద్దుతనం. నా చెల్లెలు కాబట్టి అంటున్నాను, ఇంకోళ్ళంటే ఊరుకోను. మొగుడు పోయాక రెండేళ్ళ పిల్లాణ్ణి చంకనేసుకుని నా రెండు గదుల్లోకి వచ్చింది. నేనప్పటికే బళ్ళో పంతులమ్మని. పెళ్ళీ పెటాకులూ లేవు, నా క్లాసులో చీమ నడిస్తే చప్పుడు వినపడేది. ఇదేమో నీళ్ళ ఆఫీసులో చేరింది. ఫిర్యాదుల కిటికీ అని ఉండేది, నా నడుమెత్తు కూడా ఉండదు, తిట్టదలుచుకున్నవాడు ఎంత దొరబాబైనా సరే వంగి తిట్టాల్సిందే. మా కుళాయి ఎండిపోయి మూడ్రోజులైంది, నీకు సిగ్గుందా అని వాడు. చెప్పండి, రాసుకుంటున్నాను అని ఇది. పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా అంతే. నీకు రోషం రాదుటే అన్నాను ఒకసారి. ఏమందో తెలుసా? తన మాట కాగితమ్మీద పడ్డం చూడగానే మనిషి గొంతు సగానికి దిగుతుందిట. పెద్ద కనిపెట్టింది.

పోనీ ఆ విద్యేదో ఆఫీసులో వదిలేసి రావచ్చుగా. ఊహూఁ. ఒకరోజు అట్ట కాస్త చిరిగిన పాత రిజిస్టరొకటి ఇంటికి తెచ్చింది. రాత్రి భోజనాలయ్యాక బల్ల తుడిచి, కళ్ళజోడు పెట్టుకుని, ఆ రిజిస్టరు ముందేసుకుని, "తర్వాతెవరండీ?" అంది. ఎవరితో? మంచం కింద ఉన్న వాడితో! వాడు పాక్కుంటూ వచ్చి నించున్నాడు. "చెప్పండి బాబూ, మీ ఇబ్బందేమిటి?" అండీ ట, బాబూ ట. ఆరేళ్ళ వెధవకి! నాకు ఒళ్ళు మండిపోయింది. నాలుగు తగిలిస్తే పోయేదానికి నంబరూ, తేదీ, ఫిర్యాదు, తీసుకున్న చర్య, సంతకం, అయిదు గళ్ళు. చెప్పినవాడి మాట మార్చకుండా రాయాలిట, అది కిటికీ నియమంట. వాడికి తృప్తి అయితేనే చివరి గడిలో సంతకం. సంతకం అంటే ఏముందీ, ఓ వంకర గీత, దాని కింద చుక్క.

నవ్వకు, చూపిస్తానుండు, నా దగ్గరే ఉంది. చొక్కా గుచ్చుకుంటోంది అన్నదానికి ఇది చొక్కా తిరగేసి, మెడ దగ్గర కుట్టిన పీలిక కత్తిరించింది. వాడు గీత గీశాడు. ఆ ఫిర్యాదు మళ్ళీ రాలేదు, ఆ మాటా చెప్పాలి. ఇంకోటుంది. పెద్దమ్మ ముక్కు ఇంటికంటే పెద్దది. చర్య, పరిశీలించబడినది, మార్పు సాధ్యం కాదు. అక్కా తమ్ముళ్ళలా ఇద్దరూ పడీపడీ నవ్వారు. నేను నా గదిలో కూర్చుని ఎర్రసిరాతో ఎవడి కాపీపుస్తకమో చించినంత పని చేశాను. పిల్లాణ్ణి కలెక్టర్ని చేసి కూర్చోబెడుతున్నావే, రేపు నీ నెత్తిన కూర్చుంటాడు అన్నాను. విన్నదా? అది వింటే ఇంకేం.

అప్పుడే నాకు హెడ్‌మిస్ట్రెస్ పదవి ఖాయమయ్యేలా ఉంది. పదిహేడేళ్ళ చాకిరీ, నాకంటే చిన్నవాళ్ళ కింద, అర్థమైందా? ఇన్‌స్పెక్టరు ఓ ఆదివారం ఇంటికే వస్తానన్నాడు, మాట్లాడ్డానికి. తోలుసంచి చంకలో పెట్టుకుని తిరిగేవాడు, మొహం కూడా అచ్చం ఆ సంచే, వేలాడుతూ. బల్ల మీద గుడ్డ మార్చాను, మంచి కప్పులు తీశాను. తలుపు తీసింది ఎవరు? మీ ఆయన. తీసి, ఆ పెద్దమనిషిని కింద నుంచి పైదాకా చూసి, లోపలికి తిరిగి కేక. "పెద్దమ్మా, తోలుసంచి మొహం వచ్చాడు! వీడికి నెత్తి మీదా ఏం లేదు, నెత్తి లోపలా ఏం లేదు!" ఆయన కూర్చున్నాడు. టీ సగం తాగాడు. వాతావరణం గురించి రెండు ముక్కలు మాట్లాడి లేచిపోయాడు. పదవి ఎవరికి పోయిందో చెప్పను, చెబితే మళ్ళీ నా నోరు పాడవుతుంది.

తలుపు వేసి, వెనక్కి తిరిగి, కొట్టాను. చెంప మీద కాదు, నోటి మీద. అప్పటికే కదులుతున్న పాలపన్ను ఊడి నేల మీద పడింది. ఏడుస్తాడనుకున్నాను. ఏడవలేదు. వంగి, పన్ను ఏరుకుని, జేబులో వేసుకుని, మంచం కిందకి వెళ్ళిపోయాడు. ఇంకో మాట చెప్పనా, ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. తోలుసంచి మొహం, నెత్తి మీదా లోపలా, ఆ రెండూ నా మాటలు. బడి నుంచొచ్చి చెప్పులు విప్పుతూ రోజూ అనేదాన్ని. ఆ సంగతి వాడు నోరు తెరిచినప్పుడే తెలుసు నాకు. తెలుసు కాబట్టే చెయ్యి అంత గట్టిగా పడింది.

ఆ తర్వాత ఇల్లు నా క్లాసులాగే అయింది. పాలు వేడిగా ఇస్తే వేడిగా తాగాడు, చల్లగా ఇస్తే చల్లగా తాగాడు. చూశావుటే, ఒక్క దెబ్బకి బాగుపడ్డాడు అన్నాను మీ అత్తగారితో, మూడోరోజు. అది మాత్రం రాత్రి కాగానే బల్ల తుడిచి, కళ్ళజోడు పెట్టుకుని, "తర్వాతెవరండీ?" అంటుంది. మంచం కింద నుంచి ఉలుకూ పలుకూ ఉండదు. అరగంట కూర్చుని, తేదీ వేసి, ఫిర్యాదులు లేవు అని రాసి మూసేస్తుంది. నాలుగోరోజూ అంతే. అయిదోరోజూ అంతే. ఆరోరోజు ఇక ఉండబట్టలేక, వాడు నోరు మూసుకుంటే నీకెందుకే అంత బాధ అన్నాను. అప్పుడంది. "అక్కా, కిటికీ దగ్గర అరిచేవాళ్ళంటే నాకేం భయం లేదు. నెలల తరబడి ఒక్క ఫిర్యాదూ రాని వీధి ఉంటుంది చూడు, దాన్ని చూస్తే భయం. అక్కడ నీళ్ళొస్తున్నాయని కాదు. అడగడం మానేశారన్నమాట."

అది ఆఫీసుకి పోయాక ఆ రిజిస్టరు తీసి మొదటి పేజీ నుంచి చదివాను. గాడిద నవ్వు, నాది. బియ్యపు బస్తాకి చీర కట్టినట్టుంది, నాది. మొహం చూస్తే పాలు విరుగుతాయి, అదీ నాదే, మా అమ్మని కూడా అనేదాన్ని. వాడి సొంత ఫిర్యాదులు ఏమున్నాయీ, చొక్కా, పాలు, ఎండ. మిగతాదంతా నా నోరు, నా చెల్లెలి గుండ్రటి దస్తూరీలో.

పదోరోజు రాత్రి వచ్చాడు. ఎవరో తోసినట్టు వచ్చి బల్ల ముందు నించుని, జేబులోంచి పన్ను తీసి రిజిస్టరు మీద పెట్టాడు. "ఆ మాట పెద్దమ్మదే. నేనంటే కొట్టింది." అంతే అన్నాడు. అది మార్చకుండా రాసింది. రాసి, రిజిస్టరు నావైపు తిప్పి, పెన్ను నాకిచ్చింది. చర్య తీసుకోవాల్సిన అధికారి నువ్వేనక్కా అంది, ఎగతాళిగా కాదు, ఆఫీసులో అన్నట్టే. ఎన్ని వందల పుస్తకాల్లో తప్పులు దిద్దిన చెయ్యి ఇది! ఏం రాశానో తెలుసా? పరిశీలించబడినది. వాడు అంటే ఏంటన్నాడు. అంటే చూశామని, అంది వాళ్ళమ్మ. "చూస్తే అయిపోతుందా?" అని నా మొహంలోకి చూశాడు. చూసి, సంతకం పెట్టకుండా వెళ్ళి పడుకున్నాడు.

మళ్ళీ మాట్లాడాడులే. ఎందుకు మాట్లాడడు. తర్వాతి పేజీలు చూస్తే నీకే తెలుస్తుంది. దయచేసి పాలు కొంచెం చల్లార్చగలరు. దయచేసి! పగిలిన గొట్టానికి ఎవరో గుడ్డ చుట్టినట్టు. ఎనిమిదేళ్ళొచ్చేసరికి అవీ లేవు. మీ అత్తగారు పోయి ఇరవై రెండేళ్ళయింది, పోయేదాకా నన్నొక్క మాట అనలేదు. అంటే బావుండేది మొద్దుమొహానిది. మా ఆయన ఏ సంగతీ నోరు విప్పి చెప్పడు పెద్దత్తయ్యా అని నువ్వొచ్చి నా దగ్గర ఏడుస్తావు చూడు, ఎవరి దగ్గర ఏడుస్తున్నావో తెలుసుటే నీకు? వాడి సంతకం గడి ఇప్పటికీ ఖాళీగానే...

ఏంటంటున్నాడు వాడు, మంచం కింద నుంచి? నా గురించేనా? నువ్వు లేవకు. లేవకు అన్నానా. ఆ అల్మారా పైఅరలో అట్ట చిరిగింది ఉంటుంది, అందుకో. ఇంకా చాలా ఖాళీ పేజీలున్నాయి దాన్లో. నా కళ్ళజోడు ఇలా ఇవ్వు. పెన్ను, ఊహూఁ, ఎర్రది కాదు. ఆఁ, అది.

తర్వాతెవరండీ? బయటికి రానక్కర్లేదు బాబూ, అక్కణ్ణుంచే చెప్పండి. రాసుకుంటున్నాను.