ఊదా చుక్కల ఈదయ్యగారు

ఫసలీ 1328 ఆజూరు ఒకటో తేదీన, అంటే 1918 అక్టోబరులో, శ్రీ ఈదయ్యగారు మిర్యాలగూడ దవాఖానలో కట్లు కట్టే ఉద్యోగిగా చేరారు. విషజ్వరం ఊళ్లను ఊడ్చేస్తున్న ఆ దినాల్లో, రోగి ఒంటిమీద చేయి వేసే ముందు అరచేతులను కుంపటి దగ్గర వెచ్చచేసుకోవడం వారికి అలవాటైంది. తరువాత కోదాడలో పదమూడేళ్లు, ఇక్కడ మన సూర్యాపేట దవాఖానలో తొమ్మిదేళ్లు సేవలందించినా ఆ అలవాటు తప్పలేదు, “నొప్పి ఇయ్యాల ఏడున్నది?” అన్న ప్రశ్నా మానలేదు.

ఈ యేటి వేసవిలో నడిగూడెం నుంచి గొర్రెల కాపరి సైదమ్మను మంచం మీద మోసుకొచ్చారు. ఏడాది కిందట వేరే ఊళ్లో ఆమెకు పైత్యనాళంలోని రాళ్లు తీసి, నాళాన్ని పేగుకు కలిపి కుట్టారట. ఇప్పుడు కడుపుబ్బరం, ఆగి ఆగి వాంతులు. పాత కోత దగ్గర పేగు అతుక్కుని ఉంటుందని డాక్టరుగారు భావించారు. మళ్లీ కోస్తే మనిషి దక్కదేమోనని వెనుకాడారు.

ఈదయ్యగారు మాత్రం పూటపూటకూ నొప్పి ఎక్కడున్నదో అడిగి, అక్కడ పుండ్లకు పూసే ఊదా మందుతో ఒక చుక్క పెట్టసాగారు.

“ఏందయ్యా, గొర్లకు గుర్తులేసినట్టు నా కడుపు మీద ఏస్తున్నవ్? తప్పిపోతననా?” అన్నది సైదమ్మ మూలుగుతూనే.

“నువ్వు గాదవ్వా. లోపల ఏదో తిరుగుతున్నది. దాన్ని పట్టాలె.”

మూడోనాటికి ఐదు చుక్కలయ్యాయి. బొడ్డుకు ఎడమ పైన మొదలై, కుడివైపు కిందికి దిగాయి. ఈదయ్యగారు వాటిని డాక్టరుగారికి చూపించారు.

“అతుక్కున్నదైతే ఒక్క తావునే నొయ్యాలె గద సార్. ఇది నడుస్తున్నది.”

డాక్టరుగారు చాలాసేపు చూసి, ఆ మధ్యాహ్నమే కడుపు తెరిచారు. చిన్నపేగు చివర, ఐదో చుక్కకు రెండు వేళ్ల దూరంలో, జాజికాయంత రాయి అడ్డుపడి ఉంది. నాడు నాళంలో మిగిలిపోయిన రాయే అది; కుట్టిన దారిన పేగులోకి జారి, ఆగుతూ దొర్లుతూ అంతదూరం వచ్చింది. పేగు ఇంకా నల్లబడలేదు. సైదమ్మ బతికింది.

నిన్న ఆమె ఒక గొర్రెపిల్లను చంకనెత్తుకుని దవాఖానకు వచ్చింది. దాని వీపున ఊదా చుక్క.

“గిది నీదే అయ్యా. మందల కలిసిపోకుండ గుర్తేసిన.”

ఈదయ్యగారు దాన్ని అందుకోబోతూ ఆగి, ముందుగా అరచేతులు రెండూ రుద్దుకున్నారు.

ఆ చేతుల వెచ్చదనం ఎన్నటికీ తగ్గకుండా, వారి ఒంట్లో నొప్పి ఎక్కడున్నదని ఎవరూ అడగవలసిన అవసరం రాకుండా, నేడు ఉద్యోగ విరమణ చేస్తున్న శ్రీ ఈదయ్యగారు ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు మన మధ్య మెలగాలని సహోద్యోగులందరి ఆకాంక్ష.