నాలుగో ప్రెస్ ముక్క

పటాన్‌చెరులో రేకుల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీ. సేఫ్టీ రిపోర్టులు తయారుచేసే నిషిత, ప్రొడక్షన్ మేనేజర్ సంగప్ప. మధ్యాహ్నం మూడింటికి ఓనర్లతో మీటింగ్.

“మళ్ల రొట్టెను ముక్కలు కోసినట్టుండే పై చార్టే పెట్టినవేంది? డోనట్ పెట్టమన్న గద.”

“పెట్టి చూసిన సార్. మంచిగ లేదు.”

“మంచిగ లేకపోవుడేంది? గారె లెక్క మధ్యల బొక్క ఉంటది. అండ్ల ‘గాయాలు ఇరవై మూడు, పోయినేడు ముప్పై ఒకటి’ అని పెద్దగ రాయి. తగ్గినయని ఒక్క చూపుల తెలుస్తది.”

“అందుకే వద్దంటున్న. కండ్లన్నీ ఆ అంకె మీదికే పోతయి. చుట్టు సన్నటి పట్టీల నాలుగో ప్రెస్ ఎంతున్నదో ఎవరు చూస్తరు? ఇరవై మూడుల పద్నాలుగు దాని మీదనే అయినయి. పై చార్టుల అయితే సగం కంటె ఎక్కువ ఎర్రగ కనవడతది.”

“గా ఎరుపే వద్దు. సరే, పై చార్టే ఉంచు. నాలుగో ప్రెస్ అని రాయకు. మిషన్లన్నీ కలిపి ఒక్క ముక్క చెయ్యి.”

“అన్నీ కలిపితే ఇగ చార్టెందుకు సార్? పొద్దుగాల నుంచి మూడుసార్లు మార్పిచ్చిండ్రు. రంగు తగ్గియ్యమన్నరు, తగ్గిచ్చిన. పేర్లు చిన్నగ చెయ్యమన్నరు, చేసిన. ఇది మాత్రం...”

“జల్దీ కానియ్ అమ్మా. రెండున్నర అయితుంది.”

“నిన్న బాలమణి వచ్చింది సార్. నాలుగో ప్రెస్ మీద చేసేటామె. ఈఎస్ఐ కాగితం కోసం.”

“ఆమె సంగతి ఇప్పుడెందుకు? చార్టు సంగతి చూడు.”

“చార్టు సంగతే. స్క్రీన్ చూసి ఇదేందని అడిగింది. దెబ్బలు తాకినోళ్లను ముక్కలు ముక్కలుగ చూపిస్తమని చెప్పిన. ‘నేను ఏ ముక్కల ఉన్న బిడ్డా’ అన్నది. ఎర్రది చూపిచ్చిన. రెండు వేళ్లు లేని చేత్తోటి దాన్ని తడిమింది. ఇప్పుడు ఆమెను తీసి ఏ ముక్కల పెట్టాలె?”

“నేను చెప్పింది చెయ్యి, అంతే.”

“మీకెందుకు సార్ గింత పరేషాను? ఆ ప్రెస్‌కు చేతికి అడ్డముండే జాలీ లేదని ఓనర్లకు చెప్తె కొత్తది పెట్టిస్తరు గద.”

“ఎందుకు లేదని అడుగుతరు.”

“అడగనియ్యిండ్రి. ఊడిపోయిందని రిజిస్టర్ల రాసే ఉన్నది.”

“ఊడిపోలేదు నిషితా. పని జల్దీ కావాలని నేనే పీకించిన.”